క్రియ లేని వాక్యం: శ్రీశ్రీ 'ఆః!' కవితతో ఒక పాఠకుడి అనుభవం

ప్రవేశిక

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' 1950లో పుస్తకరూపంలో వెలువడింది. అందులోని దీర్ఘగేయాల మీద వచ్చిన విమర్శ విస్తారమైనది. ఆ గేయాల నడుమ 'ఆః!' అనే ఆరు పంక్తుల చిన్న కవిత ఒకటుంది. తరగతి గదిలో దానికి పది నిమిషాలు చాలునని మనం అనుకుంటాం. దాదాపు పాతికేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

కవితలోని విషయాన్ని వచనంలో చెప్పడం కష్టం కాదు. మాట్లాడుతున్న 'నేను' నిప్పులు వెదజల్లుతూ ఆకాశంలోకి లేస్తే, చూస్తున్నవారు గాఢమైన ఆశ్చర్యంతో... ఆ 'నేను' రక్తం కక్కుతూ కిందికి రాలితే, చూస్తున్న ఆ మనుషులే దాక్షిణ్యమన్నది లేకుండా... అంతే. వారు ఏం చేశారో కవి చెప్పలేదు. రెండు చోట్లా వాక్యం సమాపక క్రియకు ముందే ఆగిపోతుంది. రెండు చిత్రాలు, ఒక సర్వనామం, రెండు అసంపూర్ణ వాక్యాలు, పైన ఒక అవ్యయం శీర్షికగా. ఇంతే సామగ్రి.

ఇది సులభమైన కవిత అని నేను చదువుకున్నాను, సులభమైన కవిత అనే బోధించాను. అది సులభం కాదని తెలిసిరావడం, అందుకు కారణమైన నా జీవితంలోని ఒక చిన్న సంఘటన, ఆ తరువాత కవితలోని మాటలు ఒక్కొక్కటిగా నాకు వేరుగా వినిపించడం ఈ వ్యాసంలోని విషయాలు. ఇది ఒక పాఠకుడి సొంత అనుభవం కనుక ఇందులో 'నేను' అనే మాట తరచు వస్తుంది. కవితలోని చిక్కు కూడా ఆ మాటతోనే మొదలవుతుంది.

తొలి పాఠం

డిగ్రీ రెండో సంవత్సరంలో మా అధ్యాపకులు ఈ కవితను చెప్పారు. గొప్పగా చదివారు. పద్యం చదివే అలవాటున్న గొంతు కావడంతో ప్రతి పంక్తి మొదటా పడే 'న'కారం మృదంగం మీద దెబ్బలా వినిపించింది. ఆరు పంక్తులూ నకారంతోనే మొదలవుతాయని, ఛందస్సును విడిచిపెట్టానన్న కవి యతిమైత్రిని విడిచిపెట్టలేదని ఆయన చెప్పింది నేటికీ గుర్తుంది. తరువాత భావం చెప్పారు: "ఇది లోకరీతి. గెలిచినవాణ్ణి లోకం మెచ్చుకుంటుంది, ఓడినవాణ్ణి నిందిస్తుంది."

మేము దాన్ని రాసుకున్నాం. పరీక్షలో అదే రాశాం. అధ్యాపకుణ్ణయ్యాక నేనూ అదే చెప్పాను, నా విద్యార్థులూ అదే రాశారు, మూల్యాంకనంలో ఆ వాక్యం కనబడగానే మార్కులు వేశాను. 'మెచ్చుకుంటుంది', 'నిందిస్తుంది' అన్న రెండు క్రియలూ కవితలో లేవని, వాటిని మేమే తెచ్చి పెట్టామని ఒక్కసారి కూడా తట్టలేదు. 'లోకం' అన్న కర్త కూడా కవితలో లేదు. కవి అన్నది 'వీరు' అని. ఈ తేడాలు ఎంత పెద్దవో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎగిరింది ఏది? రాలింది ఏది?

ముందు చిత్రాల సంగతి చూద్దాం. నిప్పులు వెదజల్లుతూ పైకి లేచేది ఏమిటి? తెలుగు పల్లెలో పెరిగినవాడికి వెంటనే తోచేది తారాజువ్వ. దీపావళి రాత్రి ఊరంతా తలలెత్తి చూసే వస్తువు అదే. కాని తారాజువ్వ రాలేటప్పుడు నెత్తురు ఉండదు. కాలిన కాగితం గొట్టం, వెదురుపుల్ల మాత్రం ఎవరి పెరట్లోనో పడతాయి. పోనీ, నెత్తురోడుతూ నేలకు వచ్చేది ఏమిటి? దెబ్బ తిన్న పక్షి. పక్షికి నెత్తురుంది కాని ఎగిరేటప్పుడు నిప్పులు లేవు. ఉల్క అందామా? 'రాలు' అనే ధాతువు చుక్కలకు బాగా కుదురుతుంది. ఆకు రాలుతుంది, పువ్వు రాలుతుంది, చుక్క రాలుతుంది. అయితే ఉల్క నేల నుంచి ఆకాశానికి ఎగరదు. మూడింటిలో ఏ ఒక్కటీ కవిత మొత్తానికి ఉపమానంగా నిలవదు.

శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మన తార్కికులు చెప్పారు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో యోగ్యత లోపించిన వాక్యానికి ఇచ్చిన ఉదాహరణ నిప్పుతో తడపడం. తడిపేది నీరు, కాల్చేది నిప్పు, కనుక ఆ రెండు మాటలకూ పొంతన లేదు. ఈ కవితలోని 'నేను'లో నిప్పూ ఉంది, తడీ ఉంది. లేచేటప్పుడు మంట, రాలేటప్పుడు నెత్తురు. యోగ్యతను ఇంత బాహాటంగా ఉల్లంఘించిన చిత్రాన్ని మనం 'ఉత్థానపతనాలు' అనే ఒక్క సమాసంలో చుట్టిపెట్టేశాం.

చిత్రం ఎందుకు మారింది? నాకు ఇప్పుడు తోచే సమాధానం ఇది. ఎగిరేటప్పుడు కనబడేది వస్తువు, రాలేటప్పుడు బయటపడేది ప్రాణి. వెలుగు చిమ్ముతూ పోయేదాన్ని చూసేవాడికి దాని లోపల నెత్తురుందన్న ఊహ రాదు. తారాజువ్వకు నొప్పి ఉంటుందా? చూసేవారు తలెత్తి చూసింది వేడుకను. కింద పడ్డప్పుడు కదా అందులో శరీరం ఉందని తెలియాలి. నిప్పూ నెత్తురూ ఒకే ఎరుపు. దూరం నుంచి చూసినప్పుడు నిప్పుగా కనబడినదే దగ్గరకు వచ్చాక నెత్తురు కావచ్చు. రెండు అసమాపక క్రియల్లోనూ కవి 'కొను' అనే అనుప్రయుక్తాన్ని వాడాడు. ఆ నిప్పు ఎవరో అంటించింది కాదు, ఆ నెత్తురు బయటి నుంచి వచ్చింది కాదు. రెండూ తనలోనివే, తాను ఖర్చు చేసుకున్నవే.

మరొక సంగతి. మంట పైకి లేవడం దాని స్వభావం, ద్రవం పల్లానికి రావడం దాని స్వభావం. కనుక ఈ కవితలో ఎగరడమూ ప్రకృతి ధర్మమే, రాలడమూ ప్రకృతి ధర్మమే. ఆ రెండింటిలో వింత లేదు. మారనక్కరలేకపోయినా మారింది ఒక్కటే, చూస్తున్నవారి మనస్సు.

తే అనే ప్రత్యయం

ఇక వ్యాకరణం. రెండు భాగాల్లోనూ కవి వాడింది చేదర్థకం, 'తే' అనే ప్రత్యయం. తెలుగులో ఈ ప్రత్యయానికి ఒక విచిత్రమైన గుణముంది. "వాడు పిలిస్తే వెళ్ళాను" అన్నప్పుడు పిలవడం జరిగిపోయింది. "వాడు పిలిస్తే వెళ్తాను" అన్నప్పుడు ఇంకా జరగలేదు, జరుగుతుందో లేదో తెలియదు. రెండు వాక్యాల్లోనూ 'పిలిస్తే' అన్న రూపం ఒక్కటే. అది జరిగిందా, జరగబోతోందా, ఊహ మాత్రమేనా అన్నది చివర వచ్చే సమాపక క్రియను బట్టి తేలుతుంది.

ఈ కవితలో ఆ చివరి క్రియే లేదు. కాబట్టి 'నేను' ఎగరడం, రాలడం జరిగిపోయిన సంగతులా, కవి ముందుగా పడుతున్న భయమా, ఎప్పుడూ ఇలాగే జరుగుతుందన్న నిర్ణయమా అన్నది తేలదు. కాలం తేలని వాక్యం ఏ కాలానికైనా వర్తిస్తుంది. ఇంత సూక్ష్మమైన అనిశ్చితిని తెలుగు వ్యాకరణం ఇవ్వగలదని నేను ఈ కవిత వల్లనే గమనించాను. వేరే భాషలోకి అనువదించేవారు ఇక్కడ ఏదో ఒక కాలాన్ని ఎంచుకోక తప్పకపోవచ్చు. మనకు ఆ అవసరం లేదు, కనుకనే మనం దాన్ని గమనించలేదు.

క్రియ లేకపోవడం వల్ల ఆకాంక్ష తీరదు. ఆకాంక్ష తీరనిచోట పాఠకుడు అధ్యాహారం చేసుకుంటాడు. అది తప్పు కాదు, వ్యాఖ్యాతలందరూ చేసే పని. నేను అడగవలసి ఉండి అడగని ప్రశ్న ఒకటే: ఏ క్రియను అధ్యాహారం చేయాలి?

ఇరవై రెండు చీటీలు

కొన్నేళ్ళ కిందట ఎం.ఏ. తరగతిలో ఈ కవిత చెప్పవలసి వచ్చినప్పుడు, ఆనవాయితీగా చెప్పే భావం మీద నాకే విసుగు పుట్టి, ఒక చిన్న ప్రయత్నం చేశాను. కవితను రెండుసార్లు చదివి, లేని క్రియలు రెండూ ఏమై ఉంటాయో చీటీ మీద రాసి ఇమ్మన్నాను. ఇరవై రెండు చీటీలు వచ్చాయి.

మొదటి ఖాళీలో ఎక్కువమంది 'చప్పట్లు కొట్టారు', 'పొగిడారు', 'నోరు తెరిచారు' అని రాశారు. రెండో ఖాళీలో వైవిధ్యం ఎక్కువ. 'నవ్వారు', 'తొక్కుకుంటూ పోయారు', 'రాళ్ళు వేశారు', 'మరచిపోయారు', 'ముఖం తిప్పుకున్నారు'. ఒకరు భవిష్యత్తులో, ఒకరు భూతంలో, ఒకరు తద్ధర్మంలో రాశారు. చేదర్థకం ఇచ్చిన స్వేచ్ఛ ఆ చీటీల్లో అచ్చుగుద్దినట్లు కనిపించింది. దాన్ని ఆ రోజు పాఠంగా చెప్పి ముగించాలనుకున్నాను.

ఒక చీటీలో మాత్రం రెండు ఖాళీల్లోనూ ఒకే క్రియ ఉంది: 'చూశారు'. పొరపాటున రెండుసార్లు రాసిందేమోనని ఆ అమ్మాయిని అడిగాను. ఆమె లేచి నిలబడి, కొంచెం బెరుకుగా చెప్పింది: "పొరపాటు కాదు సార్. పైకి వెళ్తున్నప్పుడూ చూశారు, పడిపోతున్నప్పుడూ చూశారు. ఇంకేమైనా చేసి ఉంటే కవి చెప్పేవాడు కదా సార్. వాళ్ళు ఏమీ చెయ్యలేదు. అందుకే క్రియ లేదు."

తరగతి నిశ్శబ్దమైంది. పాతికేళ్ళుగా నేను చెబుతున్న పాఠంలో లేని మాట అది. క్రియ లోపించడాన్ని నేను శిల్పవిశేషంగా, 'పాఠకుడి ఊహకు వదిలిపెట్టడం'గా వివరించేవాణ్ణి. క్రియ లేకపోవడమే అర్థం కావచ్చునని, వాక్యంలో క్రియ లేనిది వారి బతుకులో క్రియ లేనందువల్లనే కావచ్చునని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. రాళ్ళు వేసినవాడు కనీసం ఒక పని చేశాడు. వీరు అదీ చెయ్యలేదు.

"బాగా చెప్పావమ్మా, కూర్చో" అన్నాను. తరువాత పాఠం సాగలేదు. ఆమె మాట వినగానే నా మనస్సు ఆ గదిలోంచి లేచి, ఒక బస్టాండుకు వెళ్ళిపోయింది.

కాటిసీను

నా చిన్నతనంలో మా తాలూకాలో హరిశ్చంద్ర పాత్రకు పేరుపడిన ఒక నటుడు ఉండేవారు. శ్రీరామనవమి పందిళ్ళలోనూ తిరునాళ్ళలోనూ ఆయన నాటకం ఉందంటే పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్యహరిశ్చంద్రీయం' అందరికీ కంఠస్థమే. అయినా జనం కూర్చునేది కాటిసీను కోసం. అందులో జాషువా 'శ్మశానవాటి' పద్యాలు ఆయన ఎత్తుకునేసరికి తెల్లవారుజాము అయ్యేది. నల్ల గొంగళి, చేతిలో కర్ర, ఎదురుగా నిద్రలేని వెయ్యి కళ్ళు. ఒక్కొక్క పద్యాన్ని రాగంలో తిప్పి తిప్పి ఆకాశానికి ఎత్తి అక్కడ నిలిపేవారు. దించేలోగా జనం లేచి "వన్స్ మోర్" అని అరిచేవారు. వేదిక ఎక్కి చొక్కాకు నోట్లు గుచ్చేవారు.

పన్నెండేళ్ళవాణ్ణి, ముందు వరుసలో గోనెపట్టా మీద కూర్చుని నేనూ అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. నేను తెలుగు చదువులోకి రావడానికి ఆ పద్యాలు ఒక కారణం. ఎం.ఏ. ప్రవేశ సమయంలో ఏ పద్యాలు వచ్చునని అడిగితే ఆయన గొంతులో విన్నవే చెప్పాను.

తరువాత చాలా ఏళ్ళకు, స్పాట్ వాల్యుయేషన్ ముగించుకుని తిరిగి వస్తున్న ఒక మధ్యాహ్నం, దారిలోని బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీ పక్కన నేను, నా పక్కన ఒక సహోద్యోగి. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద ఒక ముసలాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. ఆ దగ్గులోనే ఆయనెవరో తెలిసింది. గొంతును గుర్తుపట్టడం నాకు అలవాటే. మనిషి సగమయ్యారు. ఎవరినీ ఏమీ అడగడం లేదు. దగ్గు తెరిపిచ్చాక తలెత్తి వరసగా బస్సు కిటికీలను చూశారు. ఆ చూపు నా కిటికీ దగ్గరికి వచ్చేలోగా నేను దినపత్రిక విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఎందుకు? కారణాలు అప్పుడే చెప్పుకున్నాను. ఆయనకు నేను తెలియదు. బస్సు కదలబోతోంది. పది రూపాయలు చేతిలో పెడితే అవమానించినట్లవుతుంది. ఈ కారణాలన్నీ నిజమే, ఏ ఒక్కటీ కారణం కాదు. అసలు కారణం పక్కసీట్లోని సహోద్యోగి. నేను దిగి ఆయన దగ్గరకు వెళితే, తిరిగి వచ్చాక ఆయనెవరో చెప్పవలసి వస్తుంది. అంత చిన్న మొహమాటం. బస్సు కదిలింది. నేను పత్రికలో ఏ వార్త చదివానో ఇప్పటికీ చెప్పగలను.

ఆ తువ్వాలు మీద నెత్తురుందా? నేను చూడలేదు. చూడకుండా ఉండడానికే కదా పత్రిక విప్పాను. మరుసటి వేసవిలో ఆయన పోయినట్లు మా ఊరివాళ్ళు చెప్పారు. "అయ్యో" అన్నాను.

వీరు, వారు

ఇప్పుడు సర్వనామం దగ్గరకు వద్దాం. కవి 'వారు' అనలేదు, 'లోకం' అనలేదు, 'జనం' అనలేదు. 'వీరు' అన్నాడు. తెలుగులో 'వీరు' అనడానికి ఆ మనుషులు మాట్లాడేవాడికి దగ్గరగా, కనిపించేంత మేరలో ఉండాలి. పైగా అది గౌరవవాచకం. సభల్లో వేదిక మీదివారిని పరిచయం చేసేటప్పుడు చేయి చూపి "వీరు ఫలానా" అంటాం. కవి కూడా అలాగే చేయి చూపి, మర్యాదగా పరిచయం చేస్తున్నాడు. ఆ చేయి ఎటు చూపుతోంది? కవితలో ఉన్నది 'నేను', 'వీరు' మాత్రమే. ఇక ఎదురుగా ఉన్నది చదివేవాడు.

రెండోసారి ఆ సర్వనామానికి కవి అవధారణార్థకమైన ఏకారం చేర్చాడు. అంటే ఆశ్చర్యపడినవారు వేరు, నిర్దయులు వేరు కాదు. వన్స్ మోర్ అన్నవాడూ పత్రిక అడ్డం పెట్టుకున్నవాడూ ఒకడే. ఆ ఏకారానికి నా అనుభవంలో ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానం లేదు.

'లోకరీతి' అని మా అధ్యాపకులు చెప్పినప్పుడూ, నేను చెప్పినప్పుడూ జరిగింది ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. కవి దగ్గరగా పెట్టిన మనుషులను మేము దూరంగా జరిపాం. 'వీరు' అన్నదాన్ని 'వారు' చేశాం, 'వారు'ను 'లోకం' చేశాం, లోకంలో మేము లేనట్లుగా భావం చెప్పాం. ఇంకొక సౌకర్యం కూడా ఉంది. ఈ కవితను ఎవరు చదివినా నోటితో అనవలసింది 'నేను' అని. అంటే చదివే ప్రతివాడూ ఎగిరినవాడే అవుతాడు, రాలినవాడే అవుతాడు, అన్యాయానికి గురైనవాడే అవుతాడు. తరగతి గదుల్లోనూ సభల్లోనూ ఈ కవితను ఆవేశంగా చదివినవారిని ఎందరినో విన్నాను. అందరూ 'నేను'లే. ఇంతమంది 'నేను'లుంటే, ఆ 'వీరు' ఎవరు?

రెండు విశేషణాలు

కవి క్రియలు ఇవ్వలేదు కాని, లేని క్రియలకు విశేషణాలు ఇచ్చాడు. వారి ఆశ్చర్యానికి 'నిబిడ' అనే మాట చేర్చాడు. నిబిడం అంటే దట్టమైనది. తెలుగులో ఈ మాట మనకు బాగా అలవాటైనది చీకటి పక్కన. నిబిడాంధకారం అంటాం. చీకటికి తగిన మాట ఆశ్చర్యానికి ఎందుకు? అంత దట్టమైన ఆశ్చర్యంలోనూ ఏమీ కనబడదు కనుక. ఆ నటుడి పద్యాలకు నేను అరిచిన రాత్రుల్లో ఆయన ఇంట్లో ఎవరున్నారో, సీజను లేనప్పుడు ఏం తినేవారో, తెల్లవారి గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు, తెలుసుకోవాలని తోచలేదు. ఆరాధన కూడా ఒక రకం చూడకపోవడమే. మొదటి భాగంలో ఉన్నది ప్రేమ, రెండో భాగంలో ఉన్నది ద్వేషం అని మనం చెప్పుకుంటాం. నా అనుభవంలో రెండూ ఒకే అంధత్వానికి రెండు వేళలు.

రెండోది దాక్షిణ్యం లేకపోవడం. 'దయాదాక్షిణ్యాలు' అని జంటగా వాడి వాడి రెండింటినీ ఒకటి చేశాం. దయ లోపలి భావం. దాక్షిణ్యం ఎదుటివాడి ముఖం చూసి కలిగే మర్యాద. 'ముఖదాక్షిణ్యం' అన్న మాట మనకు ఉండనే ఉంది. అలంకారశాస్త్రంలో దక్షిణనాయకుడు అనేక నాయికల యెడ సమానమైన ఆదరం చూపేవాడు. కాబట్టి దాక్షిణ్యంలో ఎదుటపడడమూ ఉంది, సమత్వమూ ఉంది. దాక్షిణ్యం లేకపోవడమంటే క్రూరత్వం కానక్కరలేదు. ఎదుటపడకుండా తప్పుకోవడం, లేచినవాడికి చూపిన ఆదరం రాలినవాడికి చూపకపోవడం చాలు. ముఖానికి అడ్డంగా ఒక దినపత్రిక చాలు. తరగతిలో 'ముఖం తిప్పుకున్నారు' అని రాసిన విద్యార్థికి ఆ మాట ఎంత దగ్గరగా వచ్చిందో అప్పుడు నేను చెప్పలేకపోయాను.

పుస్తకాన్ని మొదటి నుంచి చదివేవాడికి ఈ కవితకు ముందే 'మహాప్రస్థానం' అంకితం ఎదురవుతుంది. 'ఉదయిని' సంపాదకుడు, శ్రీశ్రీ మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు క్షయవ్యాధితో 1937లో చిన్నవయస్సులోనే మరణించాడు. మిత్రుడు పోయినా ఎవరి పనుల్లో వారు మునిగి ఉన్నారన్న వేదన ఆ అంకితగీతంలో నిండి ఉంది. క్షయ అంటే నెత్తురు కక్కుకోవడమే అయిన కాలమది. అంకితం చదివిన కంటితో 'ఆః!' చదివితే నెత్తురు అలంకారంగా కనబడదు. అక్కడ కూడా కవి ఫిర్యాదు చేసింది శత్రువుల మీద కాదు, తమ తమ పనుల్లో ఉన్నవారి మీద. మనమందరం ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటాం. నేను జవాబుపత్రాలు దిద్ది వస్తున్నాను.

శీర్షిక ఎవరిది?

చివరిగా శీర్షిక. అమరకోశం 'ఆః' అనే అవ్యయానికి కోపం, పీడ అని రెండు అర్థాలు చెప్పింది. ఆ రెండూ రాలిన 'నేను'కు సరిపోతాయి. కాని విసర్గ తీసివేసి మన వాడుకలో విని చూడండి. తలెత్తి తారాజువ్వను చూసేవాడి నోట వచ్చేది 'ఆ!'. ఎవరో పడిపోయారని చెబితే, "ఆ, ఏముందిలే" అని తేల్చేసేవాడి నోట వచ్చేదీ 'ఆ'. ఒకే అచ్చు, మూడు గొంతులు. మొత్తం కవిత ఆ శీర్షికలోనే జరిగిపోయింది. ఎగరడాన్ని చూసిన ఆశ్చర్యం, రాలడాన్ని చూసిన ఉపేక్ష, రాలినవాడి నొప్పి అన్నీ అందులోనే ఉన్నాయి. అచ్చులో విసర్గ ఒక్కటే నొప్పిని మిగతా రెండింటి నుంచి వేరు చేస్తోంది. గట్టిగా చదివేటప్పుడు ఆ విసర్గను మింగేస్తే, మనం ఏ పక్షాన చదువుతున్నామో మనకే తెలియదు.

ముగింపు

ఒక పాఠకుడి సొంత జ్ఞాపకం కవితకు అర్థాన్ని నిర్ణయించవచ్చునా అని పరిశోధకులు అడగవచ్చు. నిర్ణయించరాదనే నా అభిప్రాయం కూడా. నా బస్టాండు ఈ కవితలో లేదు. కాని ఈ కవిత ఖాళీని ఎలా పడితే అలా నింపనివ్వదు. అధ్యాహారం చేసే క్రియలకు కర్త 'వీరు' కావాలి, రెండింటికీ ఒకే కర్త కావాలి, ఒకటి దట్టమైన ఆశ్చర్యంతోనూ రెండోది దాక్షిణ్యలోపంతోనూ అన్వయించాలి. ఈ హద్దుల్లో నిలిచే క్రియను పాఠకుడు తన బతుకులోంచి తప్ప మరెక్కడి నుంచీ తేలేడు. 'లోకం మెచ్చుకుంటుంది, నిందిస్తుంది' అన్న పాఠం తప్పని అనను. అది ఎవరి బతుకులోంచీ రాని క్రియ, అందుకే ఎవరినీ తాకకుండా పాతికేళ్ళు నడిచింది.

తార్కికులు చెప్పిన మూడో నియమం సన్నిధి. ఒక వాక్యంలోని పదాలను జాముకొకటి చొప్పున పలికితే వాక్యార్థం బోధపడదంటారు. డిగ్రీ తరగతిలో ఈ కవితను విన్నాను. దాని క్రియ నాకు ఎన్నో ఏళ్ళకు, ఒక విద్యార్థిని మాట వల్ల దొరికింది. శాస్త్రం ప్రకారం సన్నిధి లేదు, వాక్యం ఏర్పడకూడదు. అయినా ఏర్పడింది.

ఇప్పుడు ఈ కవితను చెప్పేటప్పుడు భావం చెప్పను. చీటీలు ఇస్తాను. విద్యార్థులు రాసేలోగా నేనూ ఒక చీటీ మీద రెండు క్రియలు రాసి జేబులో పెట్టుకుంటాను. మొదటి క్రియ ఎప్పుడూ ఒకటే: 'అరిచాను'. రెండోది కూడా ఒకటే. కర్త బహువచనం కదా, క్రియ ఉత్తమపురుషైకవచనంలో ఉందేమిటని వ్యాకరణం తెలిసిన విద్యార్థి అడిగితే, చీటీ తీసి చూపి, ఆ బస్టాండు సంగతి చెబుతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు.